ఫంక్షన్‌కి పిలవడం, ఫంక్షన్‌ని పిలవడం

పోస్టు:
అందరికీ నమస్కారం. డిప్లొమా పిల్లల కోసం రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష మీద తెలుగులో నోట్సు రాస్తున్నాను. సి భాషలో ఎప్పుడో రాసిపెట్టిన లైబ్రరీల్లోని ఫంక్షన్లను రస్ట్ నుంచి వాడుకునే పాఠం దగ్గర కలం ఆగిపోయింది. ‘కాలింగ్ షేర్డ్ లైబ్రరీ ఫంక్షన్స్’ అన్నదానికి ‘భాగస్వామ్య గ్రంథాలయ ప్రమేయాల ఆవాహన’ అని రాశాను. మా ఆవిడ చదివి “ఇదేం వ్రతమండీ?” అంది. మీరేమంటారు?

కామెంటు:
ప్రమేయం ఇంటర్ లెక్కల పుస్తకంలో ఉన్న మాటే కదండీ. సమితి, ప్రదేశం, వ్యాప్తి అంటూ చదువుకున్నవాళ్ళమే. తప్పేముంది?

కామెంటు:
ఆవిడగారి మాటే నాదీను. ఆవాహన షోడశోపచారాల్లోది. ‘ఇన్వోక్’ అనే మాటకు అతికినట్టు సరిపోతుంది గానీ, ఇక్కడ జరిగే పనిలో అంత భక్తి లేదు.

ప్రమేయం సంగతి. లెక్కల్లో అది మంచి మాట. అక్కడ ఫంక్షన్‌కి ఒకే విలువ ఎన్నిసార్లు ఇచ్చినా ఒకే జవాబు వస్తుంది. సి లైబ్రరీలో ‘టైమ్’ అనే ఫంక్షన్‌ని ఇప్పుడోసారి, గంట తర్వాత ఇంకోసారి పిలిచి చూడండి. పైగా మామూలు మాటల్లో ప్రమేయం అంటే జోక్యం. ‘నా ప్రమేయం లేకుండానే జరిగిపోయింది’ అంటాం. ‘యూజర్ ప్రమేయం లేకుండా ప్రమేయం నడిచింది’ అని రాయాల్సి వస్తే చదివే పిల్లాడి గతేం కాను? ఫంక్షన్ అనే ఉంచేయండి. కాకపోతే మనకి ఫంక్షన్‌కి పిలవడమే అలవాటు, ఫంక్షన్‌ని పిలవడం కొత్త.

నాకు నచ్చింది అదే. పిలుపు అనే మాట వదలకండి. ఇంగ్లీషులో ‘కాలింగ్ కన్వెన్షన్’ అని ఒకటుంది: పిలిచేవాడు ఏ విలువను ఎక్కడ పెట్టాలి, జవాబు ఎక్కడ దొరుకుతుంది, చివర్న ఎవరు శుభ్రం చేయాలి అనే ఒప్పందం. దానికి మన ‘పిలుపు మర్యాద’ కంటే మంచి మాట నాకు తట్టలేదు. బొట్టు పెట్టి పిలవాలా, కార్డు పంపితే చాలా, ఫోన్ చేస్తే అలుగుతారా అన్నది ఊరూరికీ మారినట్టే ఇదీ మారుతుంది. 64 బిట్ల ఇంటెల్, ఏఎమ్‌డీ ప్రాసెసర్ల మీద లైనక్స్ అయితే మొదటి ఆరు పూర్ణాంకాలు రిజిస్టర్లనే ప్రాసెసర్ లోపలి అరల్లో వెళ్తాయి, ఆర్‌డీఐతో మొదలుపెట్టి. విండోస్‌లో నాలుగే, అదీ ఆర్‌సీఎక్స్‌తో మొదలు. పాత 32 బిట్ల విండోస్‌లో ఇంకో తిరకాసు. సీడెకల్ పద్ధతిలో విలువలు పేర్చిపెట్టే మెమొరీ దొంతర అయిన స్టాక్‌ని పిలిచినవాడు సర్దాలి, స్టాండర్డ్ కాల్ పద్ధతిలో వచ్చినవాడే సర్దాలి. అంటే భోజనాలయ్యాక విస్తరి తీయాల్సింది ఇంటివారా, చుట్టాలా? ఒకరు ఒకటి, ఇంకొకరు ఇంకోటి అనుకుంటే ఇద్దరూ తీస్తారు, లేదా ఇద్దరూ తీయరు. ప్రోగ్రాం కూలిపోతుంది.

రస్ట్‌లో ఎక్స్‌టర్న్ అని రాసి కొటేషన్లలో “సి” అని పెట్టేది ఇందుకే. ‘సి ఇంటి మర్యాద ప్రకారం పిలుస్తున్నాను’ అని చెప్పడమన్నమాట.

కామెంటు:
షేర్డ్‌కి భాగస్వామ్య ఎందుకండీ, ‘ఉమ్మడి’ ఉండగా! ఉమ్మడి బావి, ఉమ్మడి గోడ. లైబ్రరీకి గ్రంథాలయం అనాలని కూడా లేదు. హైదరాబాదులో 1901లో పెట్టినది భాషానిలయం, వేటపాలెంలోది నికేతనం. నన్నడిగితే ఉమ్మడి గాదె. ఎవరికి కావలసింది వాళ్ళు కొలుచుకుంటారు.

మాస్టారు:
గాదె అంటే పిల్లలు వెంటనే పందికొక్కుల గురించి అడుగుతారండీ. ఉమ్మడి లైబ్రరీ అని సర్దుకుంటాను. మెమొరీలో ఒక్క కాపీని నాలుగు ప్రోగ్రాములు వాడుకుంటాయి కాబట్టి ఉమ్మడి బాగా కుదిరింది. ఇంకో చిక్కు ‘నేమ్ మ్యాంగ్లింగ్’, అంటే ప్రోగ్రాంని యంత్రభాషలోకి మార్చే కంపైలర్ ఫంక్షన్ పేరును కూడా మార్చేయడం. నామ వికృతి అని రాశాను.

కామెంటు:
వికృతి అంటే తప్పు జరిగినట్టు ఉంటుంది. డుమువులు గుర్తు చేసుకోండి. సంస్కృతంలోని రామ, వన, ధేను మన వాక్యంలోకి రావాలంటే రాముడు, వనము, ధేనువు కావాల్సిందే. సి ప్లస్ ప్లస్‌లో రెండు పూర్ణాంకాలు తీసుకునే ‘యాడ్’ అనే ఫంక్షన్ రాస్తే, జీసీసీ కంపైలర్ దాని ముందు అండర్‌స్కోరు, జెడ్, 3 పెట్టి (3 అంటే పేరులో అక్షరాల లెక్క), వెనక రెండు ‘ఐ’లు తగిలిస్తుంది. ఫోర్ట్రాన్ భాష కంపైలర్ జీఫోర్ట్రాన్ మామూలుగా పేరంతా చిన్న అక్షరాల్లోకి మార్చి చివర ఒక అండర్‌స్కోరు పెడుతుంది. సి మాత్రం లైనక్స్‌లో పేరును ఉన్నది ఉన్నట్టు ఉంచుతుంది, ప్రాతిపదిక లాగా. అందుకే అన్ని భాషలవాళ్ళూ సి పేర్లతోనే పిలుచుకుంటారు.

దీనికో నష్టం ఉంది. ఒట్టి పేరులో రకం వివరాలు ఉండవు. నేనొకసారి కొసైన్ లెక్కగట్టే ‘కాస్’ ఫంక్షన్‌ని డబుల్‌కి బదులు, దానికన్నా చిన్న దశాంశ రకమైన ఫ్లోట్ అని ప్రకటించాను. కంపైలర్ నోరెత్తలేదు. ముక్కల్ని ఒక ప్రోగ్రాంగా కలిపే లింకర్, పేరు కలిసింది చాలనుకుంది. జవాబు మాత్రం పొంతన లేకుండా వచ్చింది, ఒక సాయంత్రమంతా పోయింది. రస్ట్ ఇలాంటి పిలుపుల దగ్గర ‘అన్‌సేఫ్’ అని రాయమంటుంది. 2024 ఎడిషన్‌లో అయితే ఎక్స్‌టర్న్ ముందు కూడా రాయాలి. ‘అపాయకరం’ అనకండి. ‘పూచీ నాది’ అనండి, అసలు అర్థం అదే.

మాస్టారు:
‘పూచీ నాది’ తీసేసుకున్నాను! ఉదాహరణకి, మాట పొడవు చెప్పే సి ఫంక్షన్ స్ట్ర్‌లెన్ ఇద్దామనుకుంటున్నాను. రస్ట్‌లో దాచిన మాటలకి చివర సున్నా ఉండదు, సి‌కి అది లేకపోతే ఎక్కడ ఆగాలో తెలియదు. కాబట్టి సీస్ట్రింగ్‌గా మార్చి పంపాలి. ‘తెలుగు’ అని పంపితే 18 వచ్చింది. క్లాసులో గొడవవుతుందేమో.

కామెంటు:
అవనివ్వండి. మనకి మూడక్షరాలు. యూనికోడ్‌కి ఆరు, గుణింతాలు విడిగా లెక్క. ఒక్కోదానికి మూడు బైట్ల చొప్పున 18. సి లెక్కపెట్టేది బైట్లనే.

కామెంటు:
ఆవాహన పోయింది సరే, ఉద్వాసన ఉంచుకోండి మాస్టారూ. ప్రోగ్రాం నడుస్తుండగా డీఎల్‌ఓపెన్‌తో తెచ్చిన లైబ్రరీని డీఎల్‌క్లోజ్‌తో పంపించేస్తాం కదా. మంత్రులకు వాడగా లేనిది లైబ్రరీకి వాడితే ఏం?

మాస్టారు:
ఆఖరి ప్రశ్న. సి‌లో వరస పెట్టే క్యూసార్ట్ ఉంది. పోల్చే పని చేసే మన ఫంక్షన్ చిరునామా దానికిస్తే, అవసరమైనప్పుడల్లా అదే మనల్ని పిలుస్తుంది. కాల్‌బ్యాక్. మరుపిలుపు అనొచ్చా?

కామెంటు:
మరుపిలుపు అంటే మళ్ళీ మనమే పిలిచినట్టుంది. మన నంబరు వాళ్ళ దగ్గర పడేసి, వాళ్ళే చేసేదాకా కూర్చోవడానికి మనకి ఎప్పటినుంచో ఒక మాట ఉందిగా, మిస్డ్ కాల్.