రొయ్య గుడ్డులో కొట్టుకుంటున్నది గుండేనా?

ప్రశ్న:
అక్వేరియంలో చెర్రీ రొయ్య పొట్ట కింద మోస్తున్న గుడ్లలో ఒకటి రాలిపడితే మైక్రోస్కోప్ కింద పెట్టాను. కళ్లు నల్లటి చుక్కల్లా వచ్చాయి, పచ్చసొన ఇంకా కొంత మిగిలుంది. దానికి పైన, వీపు వైపు, ఏదో గబగబా కొట్టుకుంటోంది. మధ్యలో కాసేపు ఆగి మళ్లీ మొదలవుతోంది. ఇది గుండేనా, పేగు కదలికా? గుండే అయితే ఇంత చిన్న పిండంలో ఎలా తయారవుతుంది? నా దగ్గరున్న పుస్తకంలో పెద్ద రొయ్య గుండె బొమ్మ తప్ప ఇంకేమీ లేదు.

జవాబు:
గుండే అండీ. రొయ్యలకు, పీతలకు గుండె వీపు కింద, నరాల తాడు పొట్ట వైపు ఉంటాయి. పేగు కదలిక అలలా పాకుతూ పోతుంది, ఇలా ఒకే చోట టకటకా కొట్టుకోదు.

తయారయ్యే తీరు చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. పిండం మొదట పచ్చసొనకు ఒక పక్కనే పల్చటి పట్టీలా పుడుతుంది, అది పొట్ట వైపు. వీపు ఇంకా ఏర్పడదు. తర్వాత మధ్యస్త్వచం (పిండంలోని మధ్య కణాల పొర) రెండు పక్కలా పచ్చసొన చుట్టూ పైకి ఎగబాకుతుంది. దాని పై అంచుల్లో ఉన్న కణాలే గుండె కణాలు. రెండు వరుసలూ వీపు మధ్యలో కలుసుకుని, లోపల ఖాళీ వదిలి గొట్టమవుతాయి. రక్తం లోపలికి రావడానికి గొట్టం గోడలో చీలికల్లాంటి ద్వారాలు ఏర్పడతాయి. పెద్ద రొయ్యకు ఇవి సాధారణంగా మూడు జతలు. డాఫ్నియా అనే చిన్న నీటి జీవికి ఒక్క జతే, గుండె కూడా గుండ్రంగా ఉంటుంది. ఉప్పునీటిలో ఉండే ఆర్టీమియా అనే చిన్న జీవికైతే ఒంటి పొడవునా సాగే గొట్టం.

ఇంకొకరు:
ఒక మాట కలుపుతాను. పెద్ద పీత, లాబ్‌స్టర్ గుండె లయను నడిపేది కండ కాదు, గుండె మీదే ఉండే చిన్న నరాల ముడి. అందులో ఉండేది తొమ్మిది నాడీకణాలే! కానీ లిజియా ఎక్సోటికా అనే సముద్రతీరపు జీవి పిల్లల్లో మొదట గుండె కండరమే తనంతట తాను కొట్టుకుంటుంది, ఎదిగే కొద్దీ ఆ పని నరాల ముడి అందుకుంటుంది. మీ రొయ్యలోనూ ఇలాగే జరుగుతుందని దీన్నిబట్టి అనుకోకండి, జాతిని బట్టి మారుతుంది.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్స్ అండీ. మొబైల్‌లో స్లో మోషన్ వీడియో తీసి లెక్కపెడదామని ఉంది.

మొదటి జవాబు రాసినవారు:
తీయండి, కానీ లైటు ఎక్కువసేపు ఉంచకండి. నీళ్లు వేడెక్కితే గుండె వేగం పెరుగుతుంది, అప్పుడు మీ లెక్క వేడిదో పిండానిదో తెలియదు. లెక్క పక్కనే నీటి టెంపరేచర్ కూడా రాసుకోండి.