నాన్నగారు ముక్కు గొట్టం వద్దంటున్నారు, ఏం చేయాలి?

పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచి మా నాన్నగారికి మింగడం కష్టమైంది. నీళ్లు తాగినా పొలమారుతోంది. ఊపిరితిత్తుల్లోకి జారితే నిమోనియా వస్తుందని, కొన్నాళ్లు రైల్స్ ట్యూబ్ (ముక్కులోంచి పొట్టలోకి వేసి ఆహారం ఇచ్చే గొట్టం) పెడదామని డాక్టరుగారు అన్నారు. స్పీచ్ థెరపిస్టు ద్రవాలన్నీ పొడి కలిపి చిక్కగా ఇమ్మన్నారు. ఆయన రెండూ వద్దంటున్నారు. మాట ముద్దగా వస్తోంది కానీ తెలివి పూర్తిగా ఉంది. "ఏమైనా అయితే నాకే కదా, కాఫీ కాఫీలాగే ఇవ్వండి" అంటారు.

తమ్ముడేమో చేతులు కట్టేసైనా గొట్టం వేయించాలంటాడు. నాకు మనసొప్పడం లేదు. తెలివిలో ఉన్న మనిషి వైద్యం వద్దనవచ్చని 2018లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కానీ పక్షవాతం తర్వాత చాలామందికి మింగడం కొన్ని వారాల్లోనే మెరుగవుతుందంటారు, అదే టెన్షన్. ఈ విషయం ఆయనకు సరిగ్గా అర్థమయ్యే వద్దంటున్నారా?

ఇలాంటిది చూసినవాళ్లు చెప్పండి. ప్రమాదం తెలిసీ నోటితోనే తినిపించడానికి మీ డాక్టర్లు ఒప్పుకున్నారా? ఆయన మాట కాగితం మీద రాయించాలా? నిటారుగా కూర్చోబెట్టి చిన్న చెంచాతో పెడుతున్నాం, తిన్నాక నోరు శుభ్రం చేస్తున్నాం. ఇంకేం చేయొచ్చు? పాలియేటివ్ కేర్ (జబ్బు వల్ల కలిగే బాధను తగ్గించే వైద్యం) వాళ్లను ఇప్పుడే కలవొచ్చా? గొట్టం గురించి మళ్లీ అడిగితే బలవంతపెట్టినట్టవుతుందా?