డిసెంబర్‌లో మ్యూజిక్ అకాడమీ కచేరీకి నాన్నగారిని తీసుకెళ్లాలి, ఒక సాయంత్రం ప్లాన్ చెప్పరూ?

ఒంగోలు అబ్బాయి:

అందరికీ నమస్కారం. ఈ డిసెంబర్‌లో మా నాన్నగారిని చెన్నై మ్యూజిక్ అకాడమీలో ఒక్క కచేరీకైనా తీసుకెళ్లాలని ఉంది. ఆయనకు 74 ఏళ్లు. హైస్కూల్లో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. పాట నేర్చుకోలేదు గానీ విజయవాడ రేడియో వింటూ పెరిగిన మనిషి. త్యాగరాజ కీర్తన ఏది మొదలైనా చరణం దాకా నోటికి వచ్చేస్తుంది. "ఒక్కసారి అకాడమీ హాల్లో కూర్చుని వినాలిరా" అని నా చిన్నప్పటి నుంచి అంటూనే ఉన్నారు. ఉద్యోగం, పిల్లల చదువులు, అమ్మ ఆరోగ్యం అంటూ ఇంతదాకా వచ్చింది. ఈసారి వాయిదా వేయదలచుకోలేదు.

నా టెన్షన్లు ఇవీ. ఆయనకు మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కువ ఎక్కలేరు. రాత్రి ఎనిమిదికల్లా భోజనం, తొమ్మిదిన్నరకు పడక. నాలుగు గంటల కచేరీకి వెళ్లాలా, ఏడు గంటలదానికా? కచేరీ అయ్యాక అదే రాత్రి రైలెక్కి వచ్చేయొచ్చా? ఉండాలంటే ఎక్కడ ఉండాలి? అంత దూరం వెళ్తున్నాం కదా, ఒకే రోజు రెండు మూడు సభలు (కచేరీలు పెట్టే సంస్థలు) చుట్టేయడం కుదురుతుందా? చెన్నై నాకు కొత్త. సంగీతం కూడా కొత్తే, ఆయన పక్కన కూర్చుంటానంతే.

లజ్ కార్నర్ పిన్ని:

బాబూ, చాలా మంచి పని తలపెట్టారు. నేను రాజమండ్రి నుంచి పెళ్లయ్యాక ఇక్కడికి వచ్చినదాన్ని. డిసెంబర్ వచ్చిందంటే మా ఇంట్లో వంట కూడా కచేరీల టైం చూసుకునే. ఇన్నేళ్లుగా సభల్లో చూసిన దాన్ని బట్టి ఒక్క మాట గట్టిగా చెబుతాను. మీ ప్లానంతా కచేరీ చివరి అరగంట చుట్టూ వేసుకోండి. నాన్నగారు వాచీ చూసుకోకుండా మంగళం దాకా కూర్చోగలగాలి. రైలు, గది, తిండి, అన్నీ దాన్ని బట్టే.

ఎందుకంటే కచేరీలో ముందు వర్ణం, చిన్న కీర్తనలు నడుస్తాయి. తరవాత పెద్ద రాగం, దాని ఆలాపన, నెరవల్ (ఒకే సాహిత్య పాదాన్ని రకరకాలుగా పాడటం), స్వరకల్పన (అప్పటికప్పుడు స్వరాలు అల్లడం). ఆ పెద్ద కీర్తన చివర మృదంగానికి, ఘటమో కంజీరో ఉంటే వాటికి వదిలిపెట్టే తని ఆవర్తనం. తని మొదలవగానే హాల్లో సగం వరసలు కదులుతాయి. కొందరు కాఫీకి, కొందరు ఆఖరి బస్సుకి, కొందరు ఇంకో సభకి. వేదిక మీద ఆ విద్వాంసులు ప్రాణం పెట్టి వాయిస్తుంటే జనం కుర్చీలు టపటపలాడించుకుంటూ వెళ్లిపోవడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. మీరు మాత్రం లేవకండి. తని అయ్యాక వచ్చే చిన్న చిన్న పాటలే తుక్కడాలు. అన్నమయ్య పదం, రామదాసు కీర్తన, జావళి, ఇలాంటివి ఎక్కువగా అప్పుడే పడతాయి. పాడేవాళ్లకు అప్పటికి గొంతు బాగా విచ్చుకుని ఉంటుంది, మనసూ తేలికపడుతుంది. సాహిత్యం నోటికొచ్చిన తెలుగు మాస్టారు అసలు వినాల్సింది అప్పుడే. ఆ సమయానికి "రైలు పోతుంది, లేవండి నాన్నా" అనాల్సి వస్తే ఇంత దూరం వచ్చి ఏం లాభం?

కాబట్టి రాత్రి రైలు మాట మరిచిపోండి. ఆ రాత్రి ఇక్కడే ఉండండి. అకాడమీ ఉండేది టి.టి.కె. రోడ్డు, కెథెడ్రల్ రోడ్డు కలిసే చోట. అక్కడి నుంచి బీచ్ వైపు పోయేది రాధాకృష్ణన్ శాలై. మన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి ఇల్లు 'గిరిజ' ఆ రోడ్డు మీదే, అందుకే ఆ పేరు. ఆ రోడ్డులో న్యూ వుడ్‌ల్యాండ్స్ లాంటి పాత శాకాహార హోటళ్లున్నాయి, గదులూ ఇస్తారు. అకాడమీకి కిలోమీటరు అటూ ఇటూ దూరం. ఈ డిసెంబర్ సంగీత సీజన్‌లో గదులకు గిరాకీ ఎక్కువ. ఏ తేదీన వచ్చేదీ తేలగానే బుక్ చేసి, లిఫ్ట్ ఉందో లేదో ఫోన్‌లో అడిగి తెలుసుకోండి.

ఒకే రోజు మూడు సభలు వద్దు. ఈ ఊళ్లో ఉండేవాళ్లం మాకే అది అలసట. ఒక్క కచేరీ. అదీ, నా ఓటైతే ఏడు గంటల ప్రాంతంలో మొదలయ్యేదానికే. సీనియర్ విద్వాంసులు ఎక్కువగా ఆ వేళకే ఉంటారు, రాగం తానం పల్లవి (ఒక రాగాన్ని, ఒకే పల్లవిని విస్తారంగా పాడే పెద్ద అంశం) వినే అవకాశమూ ఎక్కువ. ముగిసేసరికి తొమ్మిది దాటుతుంది. ఎనిమిదింటి భోజనం సంగతికి నేను చెప్పేది ఇది. అయిదున్నరకే అకాడమీకి చేరండి. సీజన్‌లో ఆవరణలోనే క్యాంటీన్ ఉంటుంది. వేడి అడై (పప్పుల అట్టు), అవియల్ (కొబ్బరి వేసిన కూరగాయల కూర), పొంగల్, పక్కన ఒక తీపి, తరవాత ఫిల్టర్ కాఫీ. నాన్నగారు కూర్చుని నెమ్మదిగా తినడానికి గంట టైం ఉంటుంది. కచేరీ అయ్యాక గదికి వెళ్లి పాలు, అరటిపండు చాలు. కడుపు నిండా తిని పడుకుంటేనే నిద్ర పడుతుందంటే దగ్గర్లో ఏదైనా శాకాహార హోటల్లో ఇడ్లీ తినొచ్చు.

టికెట్ సంగతి. ప్రోగ్రాం వివరాలు బయటికి వచ్చాక ముందు నాన్నగారికి చూపించి ఎవరిది వినాలో ఆయన్నే ఎంచుకోమనండి. సాహిత్యం ఇష్టపడే మనిషి కాబట్టి వాద్య కచేరీ కన్నా గాత్రమే మేలని నేననుకుంటాను. సీజన్ టికెట్లు కొనేవాళ్లు ఏళ్ల తరబడి ఉన్నవాళ్లు, మీకు కావలసింది ఒక్కరోజు టికెట్. అవి ఎప్పుడు, ఎక్కడ ఇచ్చేదీ అకాడమీ ప్రకటనలో ఉంటుంది, ఆ రోజు పొద్దునే అలర్ట్‌గా ఉండండి. బాల్కనీలో శబ్దం చాలా బాగుంటుంది గానీ మోకాళ్లకు మెట్లు వద్దు. కింద హాల్లో, నడవ పక్క సీటు తీసుకోండి. మధ్యలో ఒకసారి బాత్రూంకి లేవాల్సి వచ్చినా పది మంది కాళ్లు దాటక్కర్లేదు. లేవడమైనా పాటకీ పాటకీ మధ్యనే.

ఒక శాలువా తప్పకుండా తెండి. బయట చలి ఉండదు, లోపల ఏసీకి పెద్దవాళ్లు వణికిపోతారు.

రైల్లో ఆయనతో మాట్లాడుకోవడానికి కొన్ని సంగతులు. 1927 డిసెంబర్‌లో మద్రాసులో కాంగ్రెస్ మహాసభలు జరిగాయి. వాటితో పాటు జరిగిన సంగీత సభలోంచి పుట్టిందే ఈ అకాడమీ, 1928లో మొదలైంది. ఇప్పుడున్న హాలు 1962 నాటిది. అకాడమీ ఇచ్చే సంగీత కళానిధి బిరుదు మన ద్వారం వెంకటస్వామి నాయుడు గారికి 1941లో, బాలమురళి గారికి 1978లో, శ్రీపాద పినాకపాణి గారికి 1983లో, నేదునూరి కృష్ణమూర్తి గారికి 1991లో వచ్చింది. విజయవాడ రేడియో విన్న మనిషికి ఈ పేర్లు నేను చెప్పక్కర్లేదు. ఆయనే మీకు చెబుతారు, అడిగి చూడండి.

తంబురా శ్రుతి:

పిన్నిగారు చెప్పినవన్నీ నిజమే గానీ ఒక్కచోట నా మాట వేరు. 74 ఏళ్ల మనిషి, పొద్దునే లేచి ఒంగోలు నుంచి ప్రయాణం, అదే సాయంత్రం ఏడింటి కచేరీ అంటే ఎనిమిదిన్నరకల్లా తల వాలిపోతుంది. మా అమ్మగారి విషయంలో నేను చూశాను. నాలుగింటి కచేరీకి వెళ్లండి. ఆ వేళ పాడేవాళ్లు తక్కువ వాళ్లేం కాదు, చాలాసార్లు రేపటి పెద్ద పేర్లు అక్కడే వినిపిస్తాయి. ఆరు దాటాక బయటపడతారు, క్యాంటీన్‌లో వేళకి భోజనం, తొమ్మిదిన్నరకి పడక. ఆయన అలవాటు ఏమీ మారదు. మంగళం దాకా కూర్చోవాలన్న పిన్నిగారి షరతు ఇక్కడా నెరవేరుతుంది.

ఇంకోటి. అకాడమీ టికెట్ దొరకకపోతే నిరాశపడి వెనక్కి వెళ్లకండి. అదే టి.టి.కె. రోడ్డులో నారద గాన సభ ఉంది. ట్రిప్లికేన్‌లో పుట్టిన పార్థసారథి స్వామి సభ 1900 నుంచి ఉంది, అకాడమీ కన్నా పాతది. మధ్యాహ్నం పూట చాలా సభల్లో యువ కళాకారుల కచేరీలకు టికెట్టే ఉండదు.

లజ్ కార్నర్ పిన్ని:

అలసట గురించి మీరన్నది నేను కాదనను. అందుకే బాబుకి ఇంకో దారి చెబుతాను. ఒకరోజు ముందే రండి. మొదటి రోజు గదిలో విశ్రాంతి, మర్నాడు మధ్యాహ్నం ఒక కునుకు తీసి ఏడింటి కచేరీకి. ఒక రాత్రి గది ఖర్చు ఎక్కువవుతుంది, నిజమే. ఆయన ఇన్నేళ్లు అడిగింది ఒక్క కచేరీ. అది ఆయన పూర్తిగా మెలకువతో వినాలి. ఒక్క రాత్రి మాత్రమే వీలైతే తంబురా శ్రుతి గారు చెప్పిన నాలుగింటిదే సరి.

పినాకినీ ప్యాసింజర్:

ప్రయాణం గురించి నేను చెబుతాను, నెల్లూరు నుంచి తరచూ వెళ్లొస్తుంటాను. పొద్దున పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కితే చెన్నై సెంట్రల్‌లో మధ్యాహ్నం ఒంటిగంట దాటాక దిగుతారు. సెంట్రల్ నుంచి మైలాపూర్ వైపు ఫ్లైఓవర్ మీద నడిచే లోకల్ రైలు ఉంది, ఎదురుగా పార్క్ టౌన్‌లో ఎక్కి తిరుమయిలైలో దిగొచ్చు. కానీ స్టేషన్లలో మెట్లు ఎక్కువ, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు నేను చెప్పను. యాప్‌లో కారు పిలవండి. రాయపేట, మైలాపూర్ చుట్టూ కొత్త మెట్రో పనులతో దారులు మళ్లించారు. మ్యాప్ ఇరవై నిమిషాలంటే నలభై వేసుకోండి.

కచేరీ వదిలినప్పుడు అందరూ ఒకేసారి గేటు దగ్గర ఆటోలకి ఎగబడతారు. అక్కడ నిలబడి ఫోన్ నొక్కడం కన్నా నాన్నగారిని లోపలే కుర్చీలో కూర్చోబెట్టండి. పావుగంట ఆగితే రద్దీ తగ్గుతుంది, బండీ దొరుకుతుంది. ఈశాన్య రుతుపవనాల వాన డిసెంబర్‌లో కూడా పడుతుంది, గొడుగు సంచిలో ఉండనివ్వండి.

ఒంగోలు అబ్బాయి:

అందరికీ పేరు పేరునా కృతజ్ఞతలు. రాత్రి భోజనాలప్పుడు మీరు రాసినవన్నీ నాన్నగారికి చదివి వినిపించాను. ద్వారం వారి పేరు రాగానే కంచం పక్కకు జరిపి, నేదునూరి వారి అన్నమయ్య పాటల గురించి చాలాసేపు మాట్లాడారు. అమ్మ "అన్నం చల్లారిపోతోంది" అంటున్నా వినలేదు. రెండు రాత్రులుండాలనే నిర్ణయించాం. ఏడింటి కచేరీ. తనికి లేవకూడదని ఆయన నాకే చెప్పారు.

కచేరీ మర్నాడు మధ్యాహ్నం పినాకినికి తిరుగు ప్రయాణం అనుకుంటున్నాను. పొద్దున పూట ఎక్కువ నడక లేకుండా ఏం చూపించొచ్చు?

లజ్ కార్నర్ పిన్ని:

ఎంత సంతోషంగా ఉందో బాబూ. నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి.

ధనుర్మాసం కదా, మైలాపూర్ కపాలీశ్వరుడి గుడి తెల్లవారుజామునే తెరుస్తారు. లేవగలిగితే ఆరింటికల్లా వెళ్లండి. మాడ వీధుల్లో ఆ వేళ భజన బృందాలు పాడుకుంటూ తిరుగుతాయి. తమిళ వాగ్గేయకారుడు పాపనాశం శివన్ గారు ఈ వీధుల్లోనే భజన నడిపించారు. ఇళ్ల ముందు పెద్ద పెద్ద ముగ్గులు, మనకు సంక్రాంతి నెలలో ఉన్నట్టే. నాన్నగారు నడవక్కర్లేదు, గుడి ముందు ఎక్కడైనా కూర్చుంటే భజనే ఆయన దగ్గరికి వస్తుంది.

టిఫిన్‌కి రాయర్ మెస్. అరండేల్ స్ట్రీట్‌లో చిన్న సందు, చోటూ తక్కువే. పొద్దునే వెళ్తే వేడి పొంగల్, మెత్తటి ఇడ్లీ దొరుకుతాయి. ఆలస్యమైతే అయిపోతాయి.

అక్కడి నుంచి ఆటోలో లజ్‌లో నాగేశ్వరరావు పార్కుకి రండి. ఇది ఎవరి పేరో ఇక్కడ నడవడానికి వచ్చేవాళ్లలో చాలామందికి పట్టదు. ఆంధ్రపత్రిక, భారతి నడిపిన, అమృతాంజనం తయారుచేసిన మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి పేరే. 1937లో కోస్తా, రాయలసీమ నాయకులు ఒప్పందం రాసుకున్న 'శ్రీబాగ్' ఆయన ఇల్లే, అదీ మైలాపూర్‌లోనే. తెలుగు మాస్టారికి ఆ పార్కు బెంచీ మీద ఒక గంట ఇట్టే గడిచిపోతుంది. చెట్ల నీడ ఉంటుంది, దారి చదునుగా ఉంటుంది.

సెంట్రల్‌లో పినాకిని బయలుదేరేది మధ్యాహ్నం రెండు ప్రాంతంలో. టికెట్ మీద టైం ఒకసారి చూసుకుని, పన్నెండు, పన్నెండున్నర మధ్య గది ఖాళీ చేసి కారెక్కండి. దారిలో తినడానికి పెరుగన్నం కట్టించుకోండి.

ఎవరి కచేరీకి టికెట్ దొరికిందో ఇక్కడ రాయడం మరిచిపోకండి. ఆ విద్వాంసులు తరచుగా పాడే తెలుగు కీర్తనలు నాకు తెలిసినంతలో రాసి పెడతాను. మీరూ నాన్నగారి దగ్గర వాటి అర్థం చెప్పించుకుని రావచ్చు.