తేదీ లేని పాత కార్టూన్ కటింగులు: ఏ పత్రికవో, ఏ ఏటివో ఎలా తేల్చాలి?

అడిగినవారు: శాఖాగ్రంథాలయం

ఇంటర్నెట్ లేని రోజుల్లో జనం నవ్వుల బొమ్మలు ఎక్కడ వెతుక్కునేవాళ్లు, ఎలా దాచుకునేవాళ్లు అన్న విషయం మీద మా గ్రంథాలయంలో చిన్న ప్రదర్శన పెడుతున్నాం. ఒక పాఠకుల కుటుంబం రెండు పాత లెడ్జర్లు ఇచ్చింది. వాటి నిండా వారపత్రికల నుంచి కత్తిరించి అతికించిన కార్టూన్లే. బాపు, జయదేవ్, పాప గార్ల సంతకాలు తెలుస్తున్నాయి కానీ పత్రిక పేరు, తేదీ ఎక్కడా లేవు. కొన్ని మైదా జిగురుతో, కొన్ని సెల్లోటేపుతో అంటించారు. వీటి కాలం ఎలా తేల్చాలి? ఇలాంటివి ఇంకా ఎక్కడ దొరుకుతాయి? స్కానింగ్ కోసం లెడ్జర్ నుంచి ఊడదీయవచ్చా?

జవాబు: లెటర్‌ప్రెస్

ముందు కటింగు వెనకవైపు చూడండి. బొమ్మను చూసి కాలం చెప్పడం కష్టం, దాని వెనక పడిన ప్రకటన మాత్రం చెప్పేస్తుంది. అతికించినవాటికి ఆ లెడ్జర్ కాగితం కింద సెల్‌ఫోన్ టార్చి పెట్టి, గదిలో లైటు ఆపి ఫోటో తీయండి. ఫోటోను అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు తారుమారు (ఫ్లిప్) చేస్తే వెనక అక్షరాలు సరిగ్గా చదవొచ్చు. లెడ్జర్ కాగితం మరీ మందమైతే ఇది పనిచేయదు. అప్పుడు అంచు లేచిన కటింగులతోనే మొదలుపెట్టాలి.

చూడాల్సింది డబ్బు లెక్క. ధర అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందుది కావచ్చు. కొత్త నాణేలు వచ్చాక కూడా అణాల మాట కొన్నాళ్లు నడిచింది కాబట్టి ఇది గట్టి సాక్ష్యం కాదు. 'న.పై.' (నయా పైసలు) అని ఉంటే చాలావరకు 1957-64 మధ్యది, ఎందుకంటే 1964 జూన్ 1 నుంచి 'నయా' తీసేసి ఒట్టి పైసలే అన్నారు. ప్రకటనలోని చిరునామాలో ఆరంకెల పిన్‌కోడ్ ఉందంటే కచ్చితంగా 1972 ఆగస్టు 15 తర్వాతదే. పిన్‌కోడ్ లేనంత మాత్రాన అంతకు ముందుదని అనుకోవద్దు. 'మద్రాసు-17' లాంటి పాత పద్ధతి చాలామంది ఆ తర్వాత కూడా వదల్లేదు.

సినిమా ప్రకటన దొరికితే పండగే. విడుదల తేదీ బయట తెలుసుకోవచ్చు కాబట్టి రెండు మూడు వారాల్లోకి బిగించవచ్చు. అయితే వారపత్రిక మీద ఉండే తేదీకీ, అది బడ్డీకొట్టుకు వచ్చిన రోజుకూ తేడా ఉంటుంది. 'సుమారు' అనే రాయండి.

ఇంకో ఆనవాలు అచ్చు. పదింతలు చూపే భూతద్దం కింద గీత అంచున సిరా నల్లటి కట్టలా పేరుకుని, లోపల కాస్త పలచగా ఉంటే అది జింకు బ్లాకుతో (గీతలు ఉబ్బెత్తుగా ఉండే లోహపు పలకతో) లెటర్‌ప్రెస్ మీద, అంటే సిరా పూసి కాగితం మీద ఒత్తే యంత్రం మీద తీసింది. కాగితం వెనక వేలితో తడిమితే ఒత్తు తగులుతుంది. గీతంతా ఒకే సాంద్రతతో, ఒత్తు లేకుండా ఉంటే ఆఫ్‌సెట్, అంటే రబ్బరు పొర మీదుగా సిరా కాగితానికి ఎక్కే అచ్చు. ఒకసారి చేయించిన బ్లాకును మళ్లీ వాడుకునే వీలుండేది కనుక, అదే కార్టూన్ మరో సంచికలో కనబడితే కంగారు పడొద్దు.

జవాబు: పాతసంచిక

ఎక్కడ దొరుకుతాయంటే, అందరూ కార్టూన్ పేజీల కోసం వెతుకుతారు. నా సలహా, సీరియల్ బైండింగులు వెతకండి. వారం వారం వచ్చే సీరియల్ పేజీలను చించి, పూర్తయ్యాక బైండు చేయించుకునే అలవాటు ఇంటింటా ఉండేది. సీరియల్ భాగం అయిపోయిన చోట పేజీలో జానెడు జాగా మిగిలితే, అక్కడ కార్టూన్ పడేది. సీరియల్ కోసం దాచిన పుస్తకంలో ఆ బొమ్మలు కూడా భద్రంగా ఉండిపోయాయి. పైగా సీరియల్ పేరు, వారం సంఖ్య అక్కడే ఉంటాయి కాబట్టి తేదీ లెక్క సులువు. ఒక్కటే చిక్కు: బైండరు అంచులు కోసేటప్పుడు పేజీ కిందో పైనో ఉండే సంచిక తేదీ ఎగిరిపోతుంది.

హైదరాబాదులో ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద, విజయవాడలో లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో అడగండి. 'కార్టూన్లు ఉన్నాయా' అంటే లేవంటారు, 'సీరియల్ బైండింగులు' అంటే కట్ట దించుతారు. గ్రంథాలయాల్లో వేటపాలెం సారస్వత నికేతనం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం, హైదరాబాదు సుందరయ్య విజ్ఞాన కేంద్రం చూడాలి. వెళ్లేముందు పత్రిక పేరు, ఏడాది రాసుకుని వెళ్లండి. ఊరికే 'పాత వీక్లీలు' అంటే బీరువా తెరవడం కష్టం.

ప్రదర్శనలో మొదటి బల్ల మీద 'భారతి' మాసపత్రిక పెట్టండి. తెలుగులో తొలి కార్టూనిస్టుగా పేరున్న తలిశెట్టి రామారావు గారి బొమ్మలు అందులో వచ్చాయి. చందమామ ఫోటో వ్యాఖ్యల పోటీని అసలు వదలొద్దు. రెండు ఫోటోలు వేసి, ఒకదానికొకటి పొంతన కుదిరేలా రెండు చిన్న వ్యాఖ్యలు పోస్టుకార్డు మీద రాసి పంపమనేవాళ్లు. గెలిచిన వ్యాఖ్యలు తర్వాతి సంచికల్లో ఆ ఫోటోల కిందే వేసేవాళ్లు. బొమ్మకు మాట తగిలించే పని అలా పాఠకుల చేతికి వచ్చింది. పిల్లలకు కార్డు ఇచ్చి రాయమంటే ఆ బల్ల దగ్గర జనం ఆగుతారు.

జవాబు: కాగితంవైద్యం

ఊడదీయవద్దు, దయచేసి. మైదా జిగురు తడికి వదులుతుంది నిజమే, కానీ న్యూస్‌ప్రింట్ తడిస్తే ఉబ్బి చేతిలోనే విడిపోతుంది. లెడ్జర్ మీద కలం సిరా ఉంటే అది పాకి బొమ్మకు అంటుకుంటుంది. సెల్లోటేపు సంగతి ఇంకా మొండిది. పైపొర దానంతటదే రాలిపోతుంది, జిగురు మాత్రం కాగితంలోకి ఇంకి గోధుమరంగు మరకవుతుంది. లాగితే సిరా కూడా లేచి వస్తుంది. ఉన్నచోటే స్కాన్ చేయండి.

600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు), కలర్ లేదా గ్రేస్కేల్, టిఫ్ ఫైలు. నలుపు-తెలుపు మోడ్ వద్దు, సన్నగీతలు తెగిపోతాయి. చుక్కల నీడ ఉన్న బొమ్మను 150, 200లో స్కాన్ చేస్తే అలల గళ్లు పడతాయి, తర్వాత పోవు. వెనక అచ్చు ముందుకు కనిపిస్తుంటే ఆ పేజీ కింద నల్లటి చార్టు పెట్టండి. తెల్ల కాగితం పెడితే వెనక అక్షరాలు ఇంకా తేలతాయి.

లెడ్జర్ పూర్తిగా విచ్చుకోకపోతే స్కానర్ మూతతో నొక్కకండి, కుట్టు తెగుతుంది. తొంభై డిగ్రీలకు కాస్త ఎక్కువగా తెరిచి, కింద దిండు పెట్టి, కెమెరాను పేజీకి సమాంతరంగా స్టాండుకు బిగించండి. రెండు లైట్లు అటూ ఇటూ నలభైఐదు డిగ్రీల కోణంలో ఉండాలి. ఫోన్ అయితే రెండింతల జూమ్‌లో కాస్త దూరం నుంచి తీయండి. దగ్గరగా తీస్తే అంచుల్లో గీతలు వంగుతాయి.

మైదా ఉంది కాబట్టి సిల్వర్‌ఫిష్ (జిగురు, కాగితం తినే చిన్న పురుగు) ఉందేమో కచ్చితంగా చూసుకోవాలి. అనుమానం ఉంటే పాలిథిన్ కవర్లో గాలి పోకుండా మూసి, డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 18 దగ్గర రెండు వారాలు ఉంచండి. తీశాక ఒక రోజంతా కవరు విప్పవద్దు, లేకపోతే చెమ్మ కాగితం మీదే పడుతుంది. పచ్చి వేపాకు పుస్తకంలో పెట్టకండి, మరక పడుతుంది.

అడిగినవారు: శాఖాగ్రంథాలయం

చాలా థాంక్సండీ. టార్చి పద్ధతితో ఒక కటింగు వెనక 'న.పై.' కనిపించింది! అసలు కటింగులే అద్దాల పెట్టెలో పెట్టవచ్చా?

జవాబు: కాగితంవైద్యం

లెడ్జర్ ఒక్కటి తెరిచి పెట్టండి, అదీ కిటికీకి దూరంగా, తక్కువ వెలుగులో, రోజుకో పేజీ తిప్పుతూ. న్యూస్‌ప్రింట్‌లోని లిగ్నిన్ (కలప నుంచి వచ్చే పదార్థం) వెలుగుకు పసుపెక్కుతుంది, తిరిగి తెల్లబడదు. గోడకు మాత్రం స్కాన్ చేసి తీసిన ప్రింట్లే.

జవాబు: పాతసంచిక

ఆ ప్రింట్ల విషయంలో ఒక మాట. మన చట్టంలో కాపీరైటు రచయిత మరణం తర్వాత 60 ఏళ్లు నడుస్తుంది. బాపు గారు 2014లో పోయారు. కాబట్టి పోస్టర్లు వేసేముందు, ఆన్‌లైన్‌లో పెట్టేముందు కుటుంబాన్నీ పత్రికనూ అడిగి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ప్రతి ప్రింటు కింద కార్టూనిస్టు పేరు, పత్రిక, 'సుమారు' ఏడాది, ఆ ఏడాది ఏ ఆనవాలుతో తేల్చారో కూడా వేయండి.