బెజవాడ నుంచి పాత స్విఫ్ట్ తీసుకుందామనుకుంటున్నాం, ఏమేం చూసుకోవాలి?

కొత్తపేట_కుర్రాడు:
అందరికీ నమస్తే. మేం ఉండేది హైదరాబాద్‌లో. బెజవాడలో తెలిసినవాళ్ళ ద్వారా 2017 స్విఫ్ట్ పెట్రోల్ ఒకటి వచ్చింది. ఏపీ16 నంబర్, ఫస్ట్ ఓనర్, మీటర్‌లో 58 వేలు. 4 లక్షలు చెబుతున్నారు. అమ్మానాన్నల్ని ఆసుపత్రికి, ఊరికి తిప్పడానికి కావాలి. ఆదివారం చూడ్డానికి వెళ్తున్నాం. బండిలో ఏం చూడాలి, కాగితాల్లో ఏం చూడాలి? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

బుడమేరు_ఒడ్డు:
తమ్ముడూ, ముందు అడగాల్సింది ఒకటే: 2024 సెప్టెంబర్ మొదట్లో ఆ కారు ఎక్కడుంది? బుడమేరు వరదకి సింగ్‌నగర్ వైపు కార్లు రోజుల తరబడి నీళ్ళలో నానాయి. అలాంటి బండిని కడిగి, సీటు కవర్లు మార్చి పెడితే పైకి ఏమీ తెలియదు.

మా బావమరిది కోసం ఒక కారు చూశాం. లోపలంతా తళతళలాడుతోంది. డ్రైవర్ సీట్ బెల్టు పట్టుకుని ఇంక రానంతవరకు లాగాం. రోజూ వాడే భాగం శుభ్రంగానే ఉంది. ఎప్పుడూ బయటికి రాని చివరి జానెడు మీద మాత్రం ఎండిన బురద చార. స్టెప్నీ తీస్తే ఆ గుంట మూలల్లో సన్నటి ఒండ్రు. సీటు ముందుకీ వెనక్కీ జరిగే పట్టాల బోల్టులు తుప్పు. ఇంక ఇంజన్ చూడకుండానే వచ్చేశాం.

నీళ్ళలో మునిగిన బండి కొన్నాళ్ళు బాగానే నడుస్తుంది. వైరింగ్ కనెక్టర్లలో తుప్పు మెల్లగా పట్టాక ఒకరోజు ఏబీఎస్ (బ్రేకుల సిస్టమ్) హెచ్చరిక లైటు, ఇంకోరోజు పవర్ విండో. ఎంత పెట్టినా తెమలదు. ఎంత చవకగా ఇచ్చినా వద్దు.

ఎల్బీనగర్_షెడ్డు:
ఫోన్‌లోనే చెప్పండి, మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే చల్లారేదాకా ఆగండి. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోందని అర్థం. ఆయిల్ మూత లోపలి వైపు మీగడలాంటి జిగురు ఉంటే కూలెంట్ కలుస్తోందేమో చూపించుకోవాలి.

మీటర్‌ని నమ్మకండి. బండి నంబర్ చెబితే కంపెనీ సర్వీస్ సెంటర్‌లో పాత రికార్డు ఉంటుంది, ఓనర్‌నే అడిగి తీయించమనండి. టైర్ల వయసు తెలియాలంటే వాటి మీద 4 అంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని.

బానెట్, ఫెండర్ బోల్టుల మీద పెయింట్ లేచి ఉంటే పానా పడిందన్నమాట. ఎందుకు పడిందో అడగండి. బంపర్, ఫెండర్ మార్చినంత మాత్రాన వదులుకోనక్కర్లేదు, ఊళ్ళో తిరిగే బండికి అవి మామూలే. ఆప్రాన్ (ఇంజన్ పక్కన బాడీ రేకు), పిల్లర్లు (పైకప్పుని మోసే స్తంభాలు) దెబ్బతిని అతికించిన బండి మాత్రం ఇంట్లోవాళ్ళని ఎక్కించుకునేది కాదు.

కొత్తపేట_కుర్రాడు:
చాలా థాంక్స్ అన్నా. ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో నంబర్ కొడితే ఇంకా బ్యాంకు హైపోథికేషన్ (లోన్‌కి బండి తాకట్టు) చూపిస్తోంది. లోన్ ఎప్పుడో తీరిపోయిందంటున్నారు.

మియాపూర్_అక్క:
తీరిపోయి ఉండొచ్చు బాబూ, చాలామంది ఆర్‌సీలో తీయించరు. కానీ ఆ పని అమ్మేవాళ్ళే చేయించాలి. బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే లెటర్), బ్యాంకు సంతకంతో ఫారం 35 ఇచ్చి హైపోథికేషన్ తీయించాక, ఫారం 28తో అక్కడి ఆర్టీఏ నుంచి తెలంగాణకు ఎన్‌ఓసీ తీసుకోవాలి. ఇవి రెండూ చేతికొచ్చేదాకా టోకెన్ అడ్వాన్స్ దాటి రూపాయి ఇవ్వకండి. మేం రాజమండ్రి నుంచి తెచ్చుకున్నప్పుడు ఇదే పట్టుబట్టాం. ఆలస్యమైనా టెన్షన్ లేదు.

పేరు మార్పిడికి ఫారం 29, 30 మీద ఓనర్ సంతకాలు కావాలి. సంతకం ఆర్‌సీలో ఉన్న మనిషే మీ ముందు పెట్టాలి. మధ్యవర్తి సంతకాలు చేసిపెట్టిన ఫారాలు తెస్తే తీసుకోవద్దు.

ఇక్కడికి తెచ్చాక లైఫ్ ట్యాక్స్ మళ్ళీ కట్టాలి. బేరం ఆడేముందే ఆ లెక్క వేయించుకోండి.

నాగోల్_నివాసి:
నేనూ అదే అంటాను. ట్యాక్స్, రానుపోను ఖర్చులు కలిపాక ఇక్కడి టీఎస్ నంబర్ బండి ధరతో పోల్చండి. పెద్ద తేడా లేకపోతే ఇక్కడే కొనుక్కోవడం మేలు.

గోదారి_గట్టు:
అమ్మినవాడిగా ఒక మాట. నా పాత కారు కొన్నాయన నెలల తరబడి పేరు మార్చుకోలేదు. ఈ-చలాన్లన్నీ నా ఫోన్‌కే వచ్చేవి. చలాన్లు సరే, యాక్సిడెంట్ అయితే పరిహారం బాధ్యత ఆర్‌సీలో పేరున్నవాడిదేనని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది. తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది. దయచేసి అమ్మేవాళ్ళని అలా ఇబ్బంది పెట్టకండి. మీకూ నష్టమే: ఇన్సూరెన్స్ మీ పేరుకు మారకపోతే మీ బండి రిపేరు క్లెయిమ్ తిప్పికొడతారు. కొన్న 14 రోజుల్లోపే ఇన్సూరెన్స్ కంపెనీకి దరఖాస్తు పెట్టాలి. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మీకు రాదు, ఆ తేడా కట్టాల్సి ఉంటుంది.

కొత్తపేట_కుర్రాడు:
బ్యాంకు లెటర్ తీసి ఉంచమని ఫోన్ చేసి చెప్పాను, సరేనన్నారు. వరదప్పుడు కారు గన్నవరంలో ఉందట. స్కానర్ పెట్టి కారు ఎలక్ట్రానిక్స్‌లో లోపాలు చూసే మెకానిక్ అక్కడ దొరుకుతారా?

బుడమేరు_ఒడ్డు:
ఆటోనగర్‌లో దొరుకుతారు. కానీ ఆదివారం చాలా షెడ్లు మూసి ఉంటాయి, శనివారం పొద్దున్నే వచ్చేయండి. ఓనర్‌ని కూడా వెంట రమ్మనండి.