సాయంత్రమైతే మా ఆయన ఇంట్లో నిలవడం లేదు, తిరుపతిలో నమ్మకంగా చూసుకునేవాళ్లు ఉన్నారా?

అందరికీ నమస్కారం. ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో ఉండగానే మంచంలో ఉన్న మా అత్తగారిని చూసుకున్నాను. ఇప్పుడు మా ఆయనకు డిమెన్షియా, అంటే జ్ఞాపకశక్తి, ఆలోచన తగ్గిపోయే జబ్బు. కొర్లగుంటలో ఉంటాం, పిల్లలు బెంగళూరులో.

పగలు ఫరవాలేదు. పొద్దు వాలితే చాలు, "ఇంటికి పోదాం పద" అంటూ చెప్పులేసుకుని గేటు దగ్గర నిలబడతారు. మన ఇల్లు ఇదేనంటే ఇంకా కోపం. ఈ జబ్బులో సాయంత్రాలు కలత పెరగడం మామూలే, అది నాకు తెలుసు. చీకటి పడకముందే లైట్లన్నీ వేస్తాను, మధ్యాహ్నం దాటాక కాఫీ ఇవ్వను. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా ఇలా చేస్తారని పరీక్ష చేయించాను, ఏమీ లేదు. అన్నమయ్య కీర్తనలు పెడితే కాసేపు కుదుటపడతారు. నిద్రమాత్ర ఇమ్మని బంధువులంటున్నారు. మత్తులో లేచి పడితే తుంటి విరుగుతుంది, డాక్టర్ రాయనిదే నేను ఇవ్వను.

వార్డులో అయితే డ్యూటీ మారేది, ఇంకో సిస్టర్ వచ్చేది. ఇంట్లో ఆ వెసులుబాటు లేదు, నా నడుం కూడా సహకరించడం లేదు. ఒక ఏజెన్సీ పంపిన అబ్బాయి, ఆయన అడిగిందే అడిగితే కసిరేవాడు. మాన్పించేశాను. జబ్బు మనిషిని కసరడం నేను ఏ వార్డులోనూ ఒప్పుకోలేదు.

సాయంత్రం నాలుగు నుంచి రాత్రి తొమ్మిది దాకా ఓపికగా ఉండే మనిషి తిరుపతిలో ఎలా దొరుకుతారు? పెద్దల హెల్ప్‌లైన్ 14567కి ఫోన్ చేసి ఇలాంటి సాయం పొందినవాళ్లున్నారా? "ఇంటికి పోదాం" అన్నప్పుడు మీరైతే ఏం చెబుతారు?