అప్‌డేట్: అమ్మ క్యాన్సర్ మందుల ఖర్చుకు దారి దొరికింది

అమ్మ రొమ్ము క్యాన్సర్‌కు ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షన్లు రాశారని, ఆ ఖర్చు మా వల్ల కావడం లేదని, సాయం ఎక్కడ దొరుకుతుందో చెప్పమని ఇదివరకు అడిగాను. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

ఆసుపత్రిలోని సామాజిక కార్యకర్తను కలవమన్న సలహాయే మమ్మల్ని గట్టెక్కించింది. ఆమె ఫైలంతా ఓపికగా తిరగేసి, "బయోసిమిలర్ వాడవచ్చా అని డాక్టరుగారిని అడిగారా?" అన్నారు. అదే మందుకు దీటుగా పనిచేసే, ధర తక్కువ ఉండే రకం అది. ట్రాస్టుజుమాబ్ బయోసిమిలర్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే పరిశీలించి ఆమోదించింది. డాక్టరుగారు వెంటనే మార్చి రాశారు. సగం బెంగ అక్కడే తీరింది.

మిగిలిన మొత్తానికి తయారీ కంపెనీవారి రోగుల సహాయ పథకం మంజూరైంది. దరఖాస్తులో ఒక పేజీ డాక్టరే నింపి సంతకం చేయాలి. ఇంజెక్షన్‌కు వెళ్లిన రోజే ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. ఆదాయ ధ్రువపత్రం కూడా తప్పనిసరిగా అడిగారు.

విరాళాల సేకరణ, అప్పు మాకు అవసరం రాలేదు. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి: ఇలాంటి పథకాలు చాలావరకు కట్టేసిన బిల్లులకు వర్తించవు. చికిత్స మొదలుకాకముందే అడగండి.